లెఫ్ట్ అంటే గీ చెయ్యి గదా!

పోయిన ఎండాకాలం కోరుట్లలో మా అక్క వాళ్లింటికి పోయాను. అక్క అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతోంది. పక్కనే రెండో తరగతి చదివే మేనల్లుడు లెక్కల పుస్తకం ముందేసుకుని కూచున్నాడు. వాడిది ఇంగ్లీషు మీడియం. బడి రోజుల్లో పొద్దున్నే పసుపు పచ్చ బస్సు ఇంటి ముందుకొచ్చి హారన్ కొడుతుంది. సెలవులకిచ్చిన హోంవర్కులో ఒక లెక్క దగ్గర వాడు ఆగిపోయాడు. రాము దగ్గర 50 మామిడిపండ్లున్నాయి, తమ్ముడికి 18 ఇచ్చాడు, హౌ మెనీ మ్యాంగోస్ ఆర్ లెఫ్ట్?

"ఏమైందిరా?" అన్నాను.

"లెఫ్ట్ అంటే గీ చెయ్యి గదా మామా," అని ఎడమ చెయ్యి ఎత్తి చూపించాడు. "గీ చెయ్యిల ఎన్ని ఉన్నయో అండ్ల రాయలే."

నవ్వొచ్చింది కానీ, వాడన్నదాంట్లో తప్పేముంది? లెఫ్ట్ అంటే ఎడమ అని నేర్పింది వాళ్ల బడే. లెక్క మార్చి అడిగాను. "అమ్మ రెండు కట్టలు చుట్టింది. కార్ఖానాల పద్దెనిమిది బీడీలు మంచిగ లేవని తీసి పారేసిన్రు. ఎన్ని మిగిలినయ్?" నా మాట పూర్తి కాకముందే "ముప్ఫై రెండు" అన్నాడు. కట్టకు ఇరవై అయిదు, నలభై కట్టలైతే వెయ్యి. ఆ ఎక్కం వాడు ఏ బడిలోనూ నేర్చుకోలేదు. అమ్మ పక్కన కూచుని నేర్చుకున్నాడు.

"మన తీర్గ అడిగితే అన్నీ చెప్తడు తమ్మి. ఇంగ్లీషుల అడిగితేనే నోరు లేవది," అంది అక్క. కాసేపాగి, "గాకుంటె ఏంది, ఇంగ్లీషుల సదువుతున్నడు గదా," అని కూడా అంది.

రెండు మాటలూ ఒక్క నోటి నుంచే, ఒక్క నిమిషం తేడాతో వచ్చాయి. రెండూ నిజమే. తెలుగు మీడియమా ఇంగ్లీషు మీడియమా అని మనం ఏళ్ల తరబడి చేస్తున్న చర్చలో ఈ రెండింటినీ ఒకేసారి వినగలిగినవాళ్లు తక్కువ. అట్లా విన్న ఒక రచన గురించి, దాన్ని జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల నుంచి చదివితే ఏం కనిపిస్తుందనే దాని గురించి చెప్పాలని ఈ వ్యాసం.

*

ఆ రచన ఐరిష్ నాటకకర్త బ్రయన్ ఫ్రీల్ రాసిన 'ట్రాన్స్‌లేషన్స్'. మొదటి ప్రదర్శన 1980 సెప్టెంబరులో, ఉత్తర ఐర్లాండ్‌లోని డెర్రీ పట్టణంలో. కథాకాలం 1833. డోనెగల్ ప్రాంతంలో బాలె బెగ్ అనే పల్లె. ఐరిష్‌లో ఆ మాటకు 'చిన్న ఊరు' అని అర్థం. అక్కడ ఒక పాత కొట్టంలో వీధి బడి నడుస్తుంటుంది. పంతులు హ్యూ, ఆయన పెద్ద కొడుకు మేనస్ పాఠాలు చెప్తుంటారు. లాటిన్, గ్రీకు కూడా చెప్తారు కానీ బడి భాష మాత్రం ఐరిష్. అదే సమయానికి రెండు కొత్త సంగతులు ఊళ్లోకి వస్తాయి. ఒకటి, ఊళ్ల పేర్లన్నీ ఇంగ్లీషులోకి మార్చి పటాలు గీసే బ్రిటిష్ సైన్యం. రెండోది, త్వరలో తెరవబోయే సర్కారు బడి. అందులో చదువు మొత్తం ఇంగ్లీషులోనే.

నాటకం మొదట్లో ఒక చిన్న దృశ్యం ఉంటుంది. సారా అనే అమ్మాయికి నోటి మాట సరిగా రాదు. ఊళ్లో అందరూ మూగదనే అనుకుంటారు. మేనస్ ఓపిగ్గా కూచుని ఆ పిల్ల చేత తన పేరు తను చెప్పిస్తాడు. మొదటిసారి చెప్పగలిగినప్పుడు ఇద్దరూ ఎంత సంబరపడతారో! చివరి అంకంలో ఇంగ్లీషు సైన్యాధికారి వచ్చి అదే పిల్లను నువ్వెవరని గద్దిస్తాడు. సారా నోరు తెరుస్తుంది కానీ మాట రాదు. ఇక రాదని ఆమెకే తెలిసిపోతుంది.

ప్రాథమిక విద్య గురించి నేను చదివినవాటిలో ఇంతకంటే సూటిగా చెప్పిన రచన లేదు. బడి అంటే పిల్ల చేత మొదట తన పేరు చెప్పించే చోటు. అడిగే తీరు మారితే, అడిగే భాష మారితే, వచ్చిన మాట కూడా వెనక్కి పోతుంది.

మన దగ్గర ఈ నాటకాన్ని ఎక్కువగా వలస పాలన, పేర్ల మార్పు కోణంలోనే చదువుతారు. అది కూడా మనకు తెలియని విషయమేం కాదు. తెలుగులో మనం జగిత్యాల అంటాం, ఇంగ్లీషు బోర్డు మీద అది జగ్తియాల్. సిరిసిల్లకు ఇంగ్లీషులో ఒక అచ్చు ఎగిరిపోయి సిర్సిల్లా అయింది. కానీ ఈ నాటకంలో ఊళ్ల పేర్ల కంటే లోతైన గాయం బడిది. ఆ గాయం మన వైపు ఒకసారి కాదు, వందేళ్లలో మూడుసార్లు తగిలింది.

*

మొదటిది ఉర్దూ కాలం. 1918లో ఏర్పడిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆధునిక శాస్త్రాలన్నింటినీ ఉర్దూలో బోధించింది. దానికోసం 'దారుల్ తర్జుమా' అనే అనువాద సంస్థను పెట్టి పుస్తకాలు తర్జుమా చేయించారు. ఒక భారతీయ భాషలో విశ్వవిద్యాలయ విద్య నడపడమంటే ఆ రోజుల్లో చిన్న సాహసం కాదు, దేశమంతా మెచ్చుకుంది కూడా. కాకపోతే నిజాం సంస్థానంలో అన్నిటికంటే ఎక్కువమంది మాట్లాడే భాష తెలుగు. ఇంగ్లీషు పెత్తనం నుంచి విముక్తి అని పండితులు మురిసిపోయింది సిరిసిల్ల పిల్లవాడికి ఇంకో పరాయి భాషగానే ఎదురైంది.

ఆ పిల్లల్లో ఒకరు సి. నారాయణరెడ్డి. వేములవాడ దగ్గరి హనుమాజీపేటలో 1931లో పుట్టారు. వీధి బడిలో అక్షరాలు దిద్దుకుని, తర్వాత సిరిసిల్లలో, కరీంనగర్‌లో ఉర్దూ మీడియంలోనే చదివారు. తెలుగు ఆయనకు ఒక సబ్జెక్టు మాత్రమే. డిగ్రీ దాకా అంతే. అట్లాంటి మనిషి తెలుగు ఎం.ఎ. చేసి, ఆధునిక కవిత్వం మీద పరిశోధన చేసి, 1980లో 'విశ్వంభర' రాశారు. సరిగ్గా ఫ్రీల్ నాటకం ఆడిన సంవత్సరమే. 1988కి గాను జ్ఞానపీఠం ఆయనకొచ్చింది.

సినారె కథను మన సాహిత్య సభల్లో ఒకే రకంగా వాడుతుంటారు. ఉర్దూలో చదివినా అంతటి తెలుగు కవి అయ్యాడు, కాబట్టి మీడియం పెద్ద సమస్య కాదు అని. ఈ వాదన నాకు ఎప్పుడూ మింగుడుపడదు. ఆ తరగతి గదుల్లోంచి ఒక సినారె వచ్చారు. వెనక బెంచీలో కూచుని, ఏం చెప్తున్నారో తెలియక, రెండేళ్లకే బడి మానేసి మగ్గం గుంతలోకి దిగినవాళ్ల లెక్క ఎవరి దగ్గరుంది? పైగా సినారెను నిలబెట్టింది బడి ఒక్కటే కాదు. ఊళ్లో రాత్రిపూట జరిగే హరికథలు, జంగం కథలు, జానపదుల పాటలు ఆయన చెవిలో పడుతూనే ఉన్నాయి. బడి ఇవ్వని తెలుగును ఊరు ఇచ్చింది. సినారె ఉదాహరణతో తేలేది ఏమిటంటే, బడి ఒక భాషను బయటే ఉంచినప్పుడు ఆ భాషకు బయట బలమైన చోటు ఇంకొకటి ఉండి తీరాలి. మా మేనల్లుడికి ఆ చోటు ఏది? రాత్రిపూట జంగం కథ లేదు. ఫోన్‌లో హిందీ కార్టూన్లున్నాయి.

ఆ కాలంలో ఈ విషయం మీద కొట్లాడినవాళ్లు లేకపోలేదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే జనం ఎగతాళి చేశారు. ఆ అవమానం నుంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి ఆంధ్ర మహాసభ అయింది. దాని నాలుగో మహాసభ 1935లో జరిగింది మన సిరిసిల్లలోనే. అధ్యక్షులు మాడపాటి హనుమంతరావు. ఆయన అప్పటికే 1928లో హైదరాబాద్‌లో ఆడపిల్లల కోసం తెలుగు మాధ్యమంలో బడి మొదలుపెట్టి ఉన్నారు. ఉర్దూ రాజ్యంలో తెలుగు మీడియం ఉన్నత పాఠశాలకు ఇక్కడ గుర్తింపు దొరకదు కాబట్టి, పుణేలో కర్వే స్థాపించిన మహిళా విశ్వవిద్యాలయానికి అనుబంధంగా నడిపారు.

ఈ రోజు ఐర్లాండ్‌లో తల్లిదండ్రులు పట్టుబట్టి తెరిపించుకుంటున్న ఐరిష్ మీడియం బడులను 'గేల్‌స్కోల్' అంటారు. మాడపాటి వారి బడి మన గేల్‌స్కోల్. తన భాషలో చదువుకోవడానికి పక్క రాష్ట్రం ముద్ర తెచ్చుకోవాల్సి వచ్చిన ఆ కథను ఎవరైనా నవలగా రాయవచ్చు. ఇప్పటిదాకా నా కంటపడలేదు.

*

రెండోది 'మన' తెలుగు కాలం. 1956 తర్వాత బడి తెలుగులోకి మారింది. కానీ ఏ తెలుగులోకి?

నేను చదివింది తెలుగు మీడియమే. ఒకటో తరగతిలో బొమ్మ చూపించి ఇదేంటి అని అడిగితే అందరం కలిసి "బర్రె" అని అరిచాం. సార్ కొట్టలేదు, నవ్వాడు. నవ్వి "గేదె" అన్నాడు. సాయంత్రం ఇంటికి పోతే ఆయనా బర్రెకే కుడితి పెడతాడు, గేదెకు కాదు. నాలుగో తరగతిలో వ్యాసం రాయమంటే "పొద్దుగాల లేసి" అని రాశాను. ఎర్ర సిరాతో కొట్టేసి పైన "ఉదయమే లేచి" అని దిద్దారు. తొవ్వ దారి అయింది. అంగి చొక్కా అయింది. మక్కజొన్న మొక్కజొన్న అయింది. సిరిసిల్ల పిల్లలకు ఇంట్లో రాత్రింబవళ్లు చప్పుడు చేసేవి సాంచెలు, పుస్తకంలో మాత్రం అవి మరమగ్గాలు. ఒక్కో మాట చిన్నదే. అన్నీ కలిసి పిల్లకు ఒక పాఠం చెప్తాయి: మీ ఇంట్లో మాట్లాడేది తప్పు.

పుస్తకాల్లోని పలుకు వేరు, జనం నోట్లోని పలుకు వేరు అని కాళోజీ బతికినన్నాళ్లూ పోట్లాడారు. ఇప్పుడు ఆయన పుట్టినరోజు సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుతున్నాం. రాష్ట్రం వచ్చాక వాచకాల్లోకి మన కవులూ వచ్చారు, సంతోషమే. కానీ కవిని పాఠంగా పెట్టడం ఒకటి, పిల్ల అన్న మాటకు తరగతిలో చోటివ్వడం ఇంకొకటి. మొదటిది జరిగింది. రెండోది చాలావరకు అట్లాగే మిగిలింది.

దీని గుర్తులు సాహిత్యంలోనూ కనిపిస్తాయి. జగిత్యాలలో ఫొటో స్టూడియో నడిపి, కొన్ని వాక్యాల్లోనే కవితను కత్తిలా చెక్కిన అలిశెట్టి ప్రభాకర్‌ని తీసుకోండి. ఆయన కోపం మన ఊరిది, ఆయన ఆకలి మన వీధిది. వాక్యం మాత్రం చాలావరకు పుస్తకాల తెలుగు వాక్యమే. ఇది ఆయన లోపమని నేననను. కవిత్వమంటే ఈ భాషలోనే అని బడి చెవిలో ఎంత గట్టిగా నూరిపోసిందో చెప్పడానికే ఈ మాట. మన వైపు కథకులు సంభాషణల్లో ఇంటి భాష రాసి, కథనంలోకి రాగానే బడి భాషకు మారిపోవడం గమనించే ఉంటారు. ఈ వ్యాసమూ అంతే కదా. అక్క మాట ఒక తీరు, నా మాట ఒక తీరు. ఎర్ర సిరా ఇంకా ఆరలేదు.

ఈ గొడవ తెలుగుది మాత్రమే కాదు. కోరుట్లలో, జగిత్యాలలో ఉర్దూ మీడియం ప్రాథమిక బడులున్నాయి. అక్కడి పిల్లలు ఇంట్లో మాట్లాడేది దక్కనీ, పుస్తకంలో ఉన్నది లక్నో వైపు ఉర్దూ. నా బర్రెకు పట్టిన గతే వాళ్ల మాటలకూ పట్టింది. 'మాతృభాషా మాధ్యమం' అని బోర్డు పెట్టిన బడిలో కూడా తల్లి మాట్లాడే భాష లేకపోవచ్చు.

*

మూడోది ఇప్పటి ఇంగ్లీషు. ఇక్కడే మన సాహిత్యకారులం ఎక్కువ తప్పులు చేస్తాం. కన్నీళ్లు పెట్టుకుంటాం.

ఫ్రీల్ నాటకంలో మాయిర అనే అమ్మాయి ఉంది. ఆమెకు లాటిన్ వద్దు, గ్రీకు వద్దు. ఇంగ్లీషు కావాలి. ఇంట్లో చిన్నవాళ్లు చాలామంది, నేల చాలదు, అమెరికా పోవాలి. నాటకంలో అందరికంటే స్పష్టంగా ఆలోచించే మనిషి ఆమే అని నాకనిపిస్తుంది. కోరుట్ల బస్టాండులో నిలబడితే పది నిమిషాల్లో నలుగురు మాయిరలు కనిపిస్తారు. ఇక్కడ దాదాపు ప్రతి వాడలో గల్ఫ్ పోయినవాళ్ల ఇల్లు ఉంటుంది. మా బావా దుబాయిలోనే ఉన్నాడు. ఇంగ్లీషు వచ్చినోడు ఆఫీసుల కూసుంటడు, రానోడు ఎండల నిలబడ్తడు అని ఫోన్‌లో చెప్తుంటాడు. క్యాంపులో ఆయనకు రోజూ పనికొచ్చేది హిందీ, ఉర్దూ కలిసిన మాట. అయినా కొడుక్కి ఇంగ్లీషే కావాలంటాడు. తను నిలబడ్డ చోట కొడుకు నిలబడొద్దని. దీన్ని 'మోజు' అనడానికి మనకు నోరెట్లా వస్తుంది?

సర్కారు బడుల్లో ఇంగ్లీషు మీడియం కావాలని కంచ ఐలయ్య లాంటివాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నారు. పెద్దకులాలవాళ్లు తమ పిల్లలను కాన్వెంటుకు పంపి, పేదల పిల్లలకు మాతృభాష గొప్పదనం బోధిస్తారన్నది ఆ వాదన సారం. దీనికి మన దగ్గర నిజాయితీ గల జవాబు లేదు. వీధి బడుల గురించి మనం రాసే జ్ఞాపకాలనే చూడండి. గుంజీలు, కోదండాలు, పంతులుగారి బెత్తం, ఇసుకలో దిద్దిన అక్షరాలు, అంతా మురిపెంగా ఉంటుంది. ఆ ఇసుక దాకా రానివ్వని మాదిగ పిల్లల గురించి, ఆడపిల్లల గురించి ఆ జ్ఞాపకాల్లో వెతికితే ఎంత దొరుకుతుంది?

ఈ విషయంలో ఫ్రీల్‌నీ వదిలిపెట్టక్కర్లేదు. ఆయన నాటకంలో చిరిగిన బట్టల ముసలి రైతు గ్రీకులో హోమర్ చదువుతుంటాడు. అందంగా ఉంటుంది. కానీ చరిత్రలో ఆ వీధి బడుల్లో చాలాచోట్ల తల్లిదండ్రులే అడిగి మరీ ఇంగ్లీషు, లెక్కలు చెప్పించుకున్నారు. సైన్యం సర్వే గురించి నాటకం చెప్పిన తీరులో చరిత్ర వంగిందని, ఫ్రీల్ ఆధారం చేసుకున్న పుస్తకాన్ని రాసిన చరిత్రకారుడు జె. హెచ్. ఆండ్రూసే ఎత్తిచూపాడు. తుపాకులతో వచ్చిన భాష కథ చెప్పడం తేలిక. తల్లులు చేతులు చాచి పిలిచిన భాష కథ చెప్పడం కష్టం. పందొమ్మిదో శతాబ్దపు ఐర్లాండ్‌లో పిల్లల మెడలో ఒక పుల్ల వేలాడదీసి, ఐరిష్ మాట్లాడిన ప్రతిసారీ దాని మీద గాటు పెట్టేవాళ్లు, సాయంత్రం గాట్లు లెక్కపెట్టి కొట్టేవాళ్లు. అందులో ఇంటివాళ్లకూ పాలుండేది. 2009లో కడప జిల్లా మైదుకూరులో ఒక బడి, తెలుగు మాట్లాడనని రాసిన పలకలు పిల్లల మెడలో వేసిన వార్త చదివి మనమంతా మండిపడ్డాం. మండిపడినవాళ్లలో ఎంతమంది పిల్లలు ఆ ఏడాది తెలుగు మీడియంలో ఉన్నారో నన్నడక్కండి.

*

ఐర్లాండ్ ఆ తర్వాత ఏం చేసింది? 1922లో స్వతంత్రం రాగానే బడుల్లో ఐరిష్‌ను తప్పనిసరి చేశారు. చిన్న తరగతుల బోధన మొత్తం ఐరిష్‌లోనే సాగాలన్నారు. అప్పటికి ఎక్కువ ఇళ్లల్లో మాట్లాడేది ఇంగ్లీషు. పోగొట్టుకున్న భాషను పిల్లల నోట తిరిగి తెచ్చుకోవాలన్న ఆశ. అందులో ప్రేమ ఉంది. కానీ పిల్లకు మాత్రం అదొక కొత్త భాష.

1966లో జాన్ మెక్నమారా అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీద ఒక అధ్యయనం ప్రచురించాడు. ఇంగ్లీషు మాట్లాడే ఇళ్ల పిల్లలకు లెక్కలు ఐరిష్‌లో చెప్తే ఏమవుతోందని చూశాడు. ఉత్త అంకెల కూడికలు, తీసివేతల్లో తేడా లేదు. మాటల్లో ఇచ్చిన లెక్కల్లో మాత్రం వెనకబడ్డారు. మా అక్క అరుగు మీద నేను చూసింది ఇదే. 50లోంచి 18 తీసేయమంటే మావాడు తీసేస్తాడు. రాము, తమ్ముడు, మామిడిపండ్లు, లెఫ్ట్ అని కథ కడితే పడిపోతాడు. పడేసింది లెక్క కాదు.

మనకు ఇందులో పాఠం ఉంది. అక్కడ పిల్లలను ఇబ్బంది పెట్టింది శత్రువు భాష కాదు, జాతి ఎంతో ప్రేమించిన భాషే. ఉస్మానియా ఉర్దూ సిరిసిల్ల పిల్లవాడికి పరాయిదైనట్టే, దేశభక్తి ఐరిష్ డబ్లిన్ పిల్లవాడికి పరాయిదైంది. భాష గొప్పదనం, దాని చరిత్ర, దాని త్యాగాలు ఆరేళ్ల పిల్లకు పట్టవు. తనకు అది తెలుసా లేదా అన్నదే పడుతుంది.

తర్వాతి కాలంలో ఐర్లాండ్ ఆ నిర్బంధాన్ని సడలించింది. 1970ల నుంచి తల్లిదండ్రులే కోరి తెరిపించుకున్న ఐరిష్ మీడియం బడులు ఇప్పుడు వందకు పైగా ఉన్నాయి, బాగానే నడుస్తున్నాయి. అయినా 2022 జనాభా లెక్కలు చూడండి. ఐరిష్ వచ్చు అన్నవాళ్లు 18 లక్షల 70 వేల పైచిలుకు. బడి బయట రోజూ మాట్లాడేవాళ్లు దాదాపు 72 వేలు. బడిలో భాష ఉంది, ఇంట్లో లేదు.

మనది దీనికి సరిగ్గా తిరగేసిన అద్దం. జగిత్యాలలో, సిరిసిల్లలో భాష ఇంట్లో ఉంది, సాంచెల కార్ఖానాలో ఉంది, బీడీల చాట చుట్టూ ఉంది, బడిలో లేదు. ఐర్లాండ్ కోట్లు ఖర్చుపెట్టినా దొరకనిది మన పిల్లలు పొద్దున్నే ఊరికే మోసుకొస్తున్నారు. మనం దాన్ని చెప్పులతో పాటు గుమ్మం దగ్గర విప్పించి లోపలికి పంపుతున్నాం.

*

మరి ఏం చేయాలి? చట్టాల మీద నాకు పెద్ద ఆశ లేదు. రాజ్యాంగంలో 350-ఎ ఉంది, విద్యాహక్కు చట్టం వీలైనంత వరకు మాతృభాష అంటుంది, 2020 విద్యా విధానమూ అదే అంటుంది. 2014లో సుప్రీంకోర్టు మాత్రం మాతృభాషా మాధ్యమాన్ని రాష్ట్రం బలవంతంగా రుద్దరాదని తేల్చింది. మీడియం ఎంచుకునే హక్కు తల్లిదండ్రులదన్నది నాకూ న్యాయంగానే అనిపిస్తుంది. మా అక్క చేతిలోంచి ఆ బస్సును లాక్కోవడానికి నేనెవర్ని?

2022-23 నుంచి తెలంగాణ సర్కారు బడుల్లోనూ ఇంగ్లీషు మీడియం వచ్చింది. దాంతోపాటు ద్విభాషా పుస్తకాలొచ్చాయి. ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. దీన్ని వెక్కిరించినవాళ్లున్నారు కానీ నాకు ఇది మంచి పనే అనిపించింది. కనీసం రెండు భాషలు ఒకే పుస్తకంలో పక్కపక్కన కూచున్నాయి. కాకపోతే ఇంకో పేజీ కావాలి. అది అచ్చు వేసే పేజీ కాదు. మొదటి మూడేళ్లు పిల్ల తన మాటలో ప్రశ్న అడగొచ్చు, తన మాటలో జవాబు చెప్పొచ్చు, టీచరు కూడా బర్రెను బర్రె అనే పిలిచి, అక్కడి నుంచి గేదెకు, అక్కడి నుంచి బఫెలోకు తీసుకుపోవచ్చు అన్న భరోసా. దీనికి జీవో అక్కర్లేదు, బోర్డు మార్చక్కర్లేదు. ఇన్‌స్పెక్షన్‌కు వచ్చిన అధికారి టీచర్ని తిట్టకుండా ఉంటే చాలు. ఇంగ్లీషు రావాలి, బాగా రావాలి. కానీ అర్థం కాని భాషలో ఈవీఎస్ బట్టీ పట్టిస్తే ఇంగ్లీషు రాదు. ఈవీఎస్ కూడా రాదు.

ఇక మన సంగతి. ఫ్రీల్ నాటకంలో హ్యూ చిన్న కొడుకు ఓవెన్ పట్నం పోయి బాగుపడి, సైన్యానికి దుబాసీగా తిరిగొస్తాడు. సైన్యాధికారి కటువుగా చెప్పినదాన్ని ఊరివాళ్లకు మెత్తగా మార్చి చెప్తాడు. దొరలు తన పేరును రోలండ్ అని తప్పుగా పిలుస్తున్నా చాలాకాలం దిద్దడు. చివరికి అదే అధికారి, ఊళ్లు నేలమట్టం చేస్తానని ఒక్కో పేరూ చదువుతుంటే, ఒక్క అక్షరం మార్చకుండా తన వాళ్లకు అనువదించాల్సి వస్తుంది. గచ్చిబౌలిలో పనిచేస్తూ, మెట్రోలో ఫోన్ మీద తెలుగు కథలు చదివే మనం ఓవెన్లమే. ఊళ్లో వాళ్లకు ఇంగ్లీషు వస్తే అన్నీ మారతాయని మెత్తగా చెప్తాం. ఇక్కడి సభల్లో తెలుగు చచ్చిపోతోందని బాధపడతాం. మధ్యలో ఆ అరుగు మీద కూచున్న పిల్లవాడికి ఏం అర్థమవుతోందో మాత్రం అడగం.

ఆ సాయంత్రం మావాణ్ని ఊరికే "వాట్ ఈజ్ యువర్ నేమ్?" అన్నాను. తడుముకోకుండా చెప్పాడు. తండ్రి పేరు, బడి పేరు, తరగతి, అన్నీ ఒక్క ఊపిరిలో. సారాకు రానిది వీడికి వచ్చు. వీడికి ఆ తర్వాతి ప్రశ్న దగ్గర నోరు పడిపోతుంది.

కాసేపటికి వాడే వచ్చి అడిగాడు. "మామా, మిగిలినయ్ అనేదానికి లెఫ్ట్ అని ఎందుకన్నరు?" లీవ్ అంటే ఇడిసిపెట్టుడు, ఇడిసిపెట్టి పోయినంక మిగిలినదాన్ని లెఫ్ట్ అంటరు అని చెప్పాను. కొంచెం సేపు ఆలోచించాడు.

"గట్లయితే బాపు దుబాయి పోయిండు గదా. నేను, అమ్మ లెఫ్టా?"

అక్క చేతిలో బీడీ ఆగింది. నేనేమీ అనలేదు. వాడు ఆ మాటను మళ్లీ మర్చిపోడు, ఏ పరీక్షలోనూ తప్పు రాయడు. ఆ రోజు వాడు నేర్చుకున్నది ఇంగ్లీషే. నేర్చుకున్నది మాత్రం అమ్మ భాషలో.